టేకు చెక్కల అటక

రేపల్లెలో ఇంటికి అటక ఎందుకు వేస్తారో ఏ పిల్లను అడిగినా చెబుతుంది: నీళ్లొస్తే ధాన్యం ఎక్కించడానికి. మా తాతయ్య మాత్రం చుట్టాలకు చూపించడానికి వేయించాడు.

అరవైల్లో ఇల్లు కట్టినప్పుడు వీధివీధంతా అటకలకు తాటిచెక్కలు పరుచుకుంటే, ఈయన తెనాలి నుంచి రైల్లో టేకు చెక్కలు తెప్పించాడు. అడుగువైపు కూడా చిత్రిక పట్టించి నూనె రాయించాడు. చుట్టాలకు కనబడేది అడుగువైపే కదా! ఇంటికొచ్చినవాళ్లకు మంచినీళ్లకంటే ముందు మెడనొప్పి ఇచ్చేవాడు.

"అలా పైకి చూడండి. ఎక్కడైనా ఒక్క ముడి ఉందేమో చెప్పండి."

నాయనమ్మ తమ్ముడు బాపట్ల నుంచి ఎప్పుడొచ్చినా, చెప్పులు విడిచీ విడవకముందే పైకి చూడాల్సిందే. ఆ అటక మీద తాతయ్య ఏదీ పెట్టనిచ్చేవాడు కాదు. ఆవకాయ జాడీ అంటే నూనె మరకలు, పాత పరుపు అంటే నల్లులు.

డెబ్బైల్లో ఒక ఏడు, కుప్ప నూర్చి బస్తాలు ఇంటికి చేర్చామో లేదో తుఫాను పట్టుకుంది. మురుగుకాలువ పొంగి నీళ్లు వాకిట్లోకి వచ్చాయి. ఆ బస్తాలే మాకు ఏడాది తిండి.

"ఏవండీ, బస్తాలు అటకెక్కిద్దామండీ," అంది నాయనమ్మ.

"గోనెలు రాసుకుంటే గీతలు పడతాయే. నీళ్లు గడప దాటవులే."

ఆ సంగతి నీళ్లకు ఎవరూ చెప్పలేదు. సాయంత్రానికి బస్తాలన్నీ నానిపోయాయి. తాతయ్య పైకి చూసి, "చెక్కలకు చెమ్మ తగల్లేదు, చూశావా?" అన్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది.

నీళ్లు తగ్గి ఎండ కాసింది. ఆరబోయకపోతే ధాన్యం మొలకెత్తుతుంది. ఆరబోద్దామంటే ఊరంతా బురద. నాయనమ్మ కొంగు బిగించి నిచ్చెన వేయించింది.

"ఆ చెక్కలు దింపండర్రా!"

"ఏంటే ఇది! అది టేకే!"

"ఇన్నాళ్లూ కింద నుంచి చూశాం కదండీ. ఇప్పుడు పైనుంచి చూద్దాం."

ఇటుకలు పేర్చి, వాటి మీద చెక్కలు పరిచి ధాన్యం పోశాం. సగానికి పైగా గింజలు దక్కాయి. చెక్కలు మాత్రం మరకలు పడి వంకర తిరిగాయి.

పరామర్శకు బాపట్ల నుంచి నాయనమ్మ తమ్ముడు వచ్చాడు. పాపం, గుమ్మంలోనే అలవాటుగా మెడ ఎత్తాడు. పైన దూలాలూ పెంకులే కనిపించాయి.

"అటక ఏదండీ, బావగారూ?"

నాయనమ్మ కాస్త ముక్కవాసన వేసే అన్నం వడ్డించి తమ్ముడి ముందు పెట్టింది.

"ఇదిగో, కంచంలో ఉందిరా. తిను."