గేర్లు పెట్టిన సైకిల్, గుట్ట దిగుడు

మా ఆయన సైకిల్ నడుస్తున్నంతసేపూ పెడల్లు తిరుగుతూనే ఉండేవి. అందరి సైకిళ్లకూ వెనక చక్రంలో ఫ్రీవీల్ ఉంటుంది, తొక్కడం ఆపినా చక్రం తన మానాన తిరుగుతుంది. మాదానికి అది అరిగిపోయి తొక్కితే జారడం మొదలుపెట్టింది. కాళ్లు తిరుగుతాయి, బండి కదలదు. ఆయన కొత్తది వేయించకుండా వెల్డింగు చేసే చోటికి తీసుకుపోయి, కదలకుండా అతికించి తెచ్చాడు. అప్పటినుంచి చక్రం తిరిగితే పెడల్లు తిరగాలి, పెడల్లు ఆగితే చక్రం ఆగాలి.

పాల క్యాన్లు తగిలించడానికి అడ్డమొస్తున్నాయని వెనక బ్రేకు కడ్డీలు ఎప్పుడో పీకేశాడు. ముందు బ్రేకుకు రబ్బర్లే లేవు. దిగుడు వస్తే పెడల్లను వెనక్కి అదిమిపట్టి, రెండు క్యాన్ల బరువును కాళ్లతోనే ఆపుకుంటూ దిగేవాడు. ఊళ్లో అందరూ నవ్వేవాళ్లు. ఆయనకు మాత్రం అదొక గొప్ప.

మా ఊరు గుట్టకు ఇవతల. పాలకేంద్రం గుట్టకు అవతల, పాలమూరు పోయే పెద్ద రోడ్డు మీద. ఇటువైపు ఎక్కుడు మెల్లగా సాగుతుంది. అటువైపు దిగుడు నిట్టనిలువు, చివర ఒక మలుపు, మలుపులో రోడ్డు కింద వాననీళ్లు పోయే మోరీ. రోజూ పొద్దున్నే మా బర్రెల పాలతో ఆ దారినే పోవాలి. ఆ వేళకు ఆటో దొరకదు, మోటారు బండి కొనే తాహతు మాకు లేదు.

తెలంగాణ వచ్చి రెండు మూడేళ్లయిన రోజులవి. ఆయనకు కుడి మోకాలు వాచింది. పాలమూరు దవాఖానకు తీసుకుపోతే, చిప్ప అరిగింది, బలంగా తొక్కడం మానెయ్యమన్నారు. నాలుగు రోజులు మానేశాడు, నేనే పాలు నెత్తిన పెట్టుకుని నడిచి పోసి వచ్చాను. ఐదో రోజు తెల్లవారి లేచేసరికి సైకిలూ లేదు, క్యాన్లూ లేవు. తిరిగొచ్చాక గడపలో కూర్చుని కాలు చాపుకోలేక పెదవి కొరుక్కుంటుంటే చూసి, మా తమ్ముడికి ఫోను చేశాను. తమ్ముడికి మండలంలో సైకిళ్లూ మోటారు బండ్లూ బాగుచేసే దుకాణం ఉంది.

వాడు విని, "గేర్లు పెడదం అక్కా. ఎక్కుడు అల్కగైతది, మోకాలి మీద జోరు పడది," అన్నాడు.

పాత సామాన్ల కొట్టులో పడి ఉన్న గేర్ల సైకిల్‌ది ఒక వెనక చక్రం పట్టుకొచ్చాడు. దానికి చిన్నవీ పెద్దవీ కలిపి ఆరు పళ్ల చక్రాలు. అది మా సైకిల్ వెనక చీలికలో పట్టలేదు. మధ్యన కట్టె పెట్టి, సుత్తితో కొట్టి వెడల్పు చేశాడు. పాత చైను పొట్టిదైతే ఇంకొంత ముక్క అతికాడు. చైనును ఒక పళ్ల చక్రం మీదనుంచి ఇంకోదాని మీదకు జరిపే చిన్న ఇనుప చేతిని బిగించి, దాని తీగను హ్యాండిల్ దాకా లాగాడు. మా ఆయన పక్కనే పీట మీద కూర్చుని ప్రతిదానికీ వంక పెడుతూనే ఉన్నాడు.

"బామ్మర్దీ, సైకిల్‌కు ఆపరేషన్ జేస్తున్నవా, పోస్టుమార్టమా?"

"నీ మోకాలికి జెయ్యమంటే గది గూడ జేస్త బావా. సుత్తి ఈడనే ఉన్నది."

అన్నీ అయ్యాక తమ్ముడు వెనక భాగం పైకెత్తి చేత్తో చక్రాన్ని తిప్పాడు. అది టిక్‌టిక్‌మంటూ చాలాసేపు తిరిగింది. పెడల్లు మాత్రం ఉన్నచోటే నిలబడ్డాయి. అన్నేళ్లూ చక్రంతో పాటు పెడల్లు తిరగడమే చూసినదాన్ని. చేతిలో చాట పట్టుకుని అలాగే నిలబడిపోయాను.

తమ్ముడు పోతూ పోతూ చెప్పాడు. "ముందల బ్రేకుకు రబ్బర్లు లేవు, ఈ వెనక చక్రం చిన్నది, పాత బ్రేకు దీనికందదు. ఐతారం వేరే బ్రేకులు తెస్త. అప్పటిదాంక ఊళ్లె తొక్కు గానీ గుట్ట దిక్కు పోకు బావా."

"సరే తియ్," అన్నాడు మా ఆయన. ఆ 'సరే' ఎట్లాంటిదో నాకు తెలుసు.

రాత్రి అన్నం తింటుంటే అన్నాను. "రేపు పాలు నేను తీస్కపోత. తమ్ముడు చెప్పిండు గద."

"వానికేం ఎరుక? పన్నెండేండ్లు దొర ట్రాక్టర్ తోలిన నేను. లోడుతోని దిగుడు దిగాల్నంటే ఫస్ట్ గేర్ల ఎయ్యాలె. బండి దానంతట అదే గుంజి పట్టుకుంటది. బ్రేకు మీద కాలు గూడ పెట్టేది లేదు."

"అది ట్రాక్టర్."

"గేరంటే గేరే. నువ్వు తోలినవా?"

నేను తోలలేదు. కానీ ఆ నిలబడిపోయిన పెడల్లే కళ్ల ముందు ఉన్నాయి. కాళ్లతో ఆపేవాడు, ఇప్పుడు కాళ్లకు పట్టు లేదు; ఇక ఆపేది ఏది? ఇంతవరకే నాకు అర్థమైంది. ఆయన తిని చెయ్యి కడుక్కున్నాడు.

పొద్దున ఆయన క్యాన్లు తగిలిస్తుంటే నేనూ చెప్పులేసుకున్నాను. "నువ్వెక్కడికే?" అన్నాడు. "నడుస్త," అన్నాను. అంతకంటే మాట పెంచలేదు.

ఎక్కుడు మొదలైంది. నెలల తర్వాత ఆయన సీటు మీదనుంచి లేవకుండా ఆ గుట్ట ఎక్కడం చూశాను. కాళ్లు గబగబా తిరుగుతున్నాయి, బండి మెల్లగా పోతోంది, ముఖంలో నొప్పి లేదు. వెనక్కి తిరిగి, "చూస్తున్నవా, వెన్నపూస లెక్క పోతాంది," అన్నాడు. ఆ సంతోషం చూసి నాకు భయం ఇంకా పెరిగింది. ఇంత సంతోషంలో ఉన్న మనిషి నా మాట వింటాడా అని.

పైన నాకోసం ఆగాడు. చైను అన్నిటికంటే పెద్ద పళ్ల చక్రం మీదే ఉందని చూసుకుని, "ఇగ ఫస్ట్ గేర్ల ఉన్నది. నువ్వు మెల్లగ రా," అని కాలు ఎత్తబోయాడు. నేను వెళ్లి హ్యాండిల్ పట్టుకున్నాను.

"గేరు పట్టుకుంటదంటివి గద. నువ్వెందుకు పైన? పాలు దించు. రాళ్లు కట్టి సైకిల్‌నొక్కదాన్నే దిగనియ్యి. అది మెల్లగ దిగితె నువ్వు గూడ దిగు, ఇగ నేను నోరెత్తను."

"పిచ్చి లేచిందా నీకు? పాలు పోసే యాళ్లయితాంది."

"పాలు ఇరిగిపోతే పోనియ్యి."

నేను హ్యాండిల్ వదల్లేదు. ఆయన నన్నే చూశాడు. కోపంగానే దిగాడు. కోపంగానే క్యాన్లు దించి, క్యాన్లు కట్టే తాడుతో రెండు వైపులా రెండు గుండ్రాళ్లు కట్టాడు. సీటు పట్టుకుని వెనక నడుస్తూ దిగుడులోకి వదిలాడు. నాలుగడుగులు నడిచాడు, తర్వాత పెద్ద అడుగులు, తర్వాత పరుగు. మోకాలు పట్టుకున్నట్టుంది, ఒక్క అరుపు అరిచి సీటు వదిలేశాడు.

సైకిల్ తానే పోయింది. మనిషి లేకుండా కొంత దూరం తిన్నగానే పోయింది, అది చూసే నాకు ఎక్కువ భయమేసింది. చక్రాలు కనబడనంత వేగం. పెడల్లు మాత్రం కదలకుండా, ఒకటి పైన ఒకటి కింద, అట్లే నిలబడి పోతున్నాయి. మలుపు దాకా పోయి మోరీ గోడను తగులుకుని ఎగిరి సర్కారు తుమ్మ పొదలో పడింది.

ఆయన రోడ్డు పక్కన కూర్చున్నాడు. నేను పక్కనే కూర్చున్నాను.

"ట్రాక్టర్ల పట్టుకునేది ఇంజను," అన్నాడు చివరికి, తనలో తాను. "గేరు గాదు. దీనికి ఇంజను యాడిది?"

ఒక్కో క్యాన్ ఒకరం పట్టుకుని దిగాం. పాలకేంద్రంలో తలుపు వేయబోతూ మమ్మల్ని చూసి ఆగారు.

తమ్ముడు సైకిల్‌ను మోసుకుపోయి ముందు చక్రం సరిచేసి, ఆదివారం నాడు రెండు బ్రేకులూ బిగించి తెచ్చాడు. ఇంటి ముందర పదిసార్లు ఆయనతో బ్రేకు నొక్కించాడు.

మర్నాడు మళ్లీ పైదాకా వెంట పోయాను. బ్రేకులున్నాయి గదా అని మనసుకు చెప్పుకున్నాను. ఆయన మెల్లగానే మొదలుపెట్టాడు. బండి కాస్త ఊపందుకోగానే చూశాను, ఆయన రెండు కాళ్లూ పెడల్లను వెనక్కి తొక్కుతున్నాయి. పాత అలవాటు. పెడల్లు ఊరికే వెనక్కి తిరుగుతున్నాయి, బండి ఆగడం లేదు, ఆయన ఇంకా గట్టిగా వెనక్కి తొక్కుతున్నాడు. చేతులున్న సంగతే మరిచిపోయాడు.

"చేతులయ్యా, చేతులు," అని కేక వేశాను. గొంతు పోయేదాకా అదే మాట.

బ్రేకులు కీచుమన్నాయి. మలుపుకు చాలా ముందే ఆగింది బండి. దిగాడు. తర్వాత హ్యాండిల్ పట్టుకుని, బ్రేకు అదిమి, పక్కన నడుచుకుంటూ మిగిలిన దిగుడంతా పోయాడు.

ఇప్పటికీ అంతే. ఎక్కుడు తొక్కుతాడు, దిగుడు నడుస్తాడు. మేకల వెంట పోయేవాళ్లు ఎదురైతే ఊరుకుంటారా. "ఏందే కాకా, ఎక్కనీకి సైకిలు, దిగనీకి నడకా? ఉల్టా నడుస్తున్నది నీ దునియా."

"మీ చిన్నమ్మ తోలనిస్తలేదు," అని నా మీదకు తోసేస్తాడు.

తోయనీయండి. పాలకేంద్రంలో పాలు పోయగానే, చేరానని తెలియడానికి అక్కడినుంచి ఫోనుకు ఒక్క రింగిచ్చి పెట్టేస్తాడు. అది మోగేదాకా నేను పొయ్యి మీద ఏమీ పెట్టను.