పైడితల్లి ఈ ఇంట్లో లేదు

తొమ్మిదో తరగతి నన్ను రెండేళ్ళు భరించింది. మూడో ఏడు కూడా భరించమనడం అన్యాయమనిపించి నేనే మర్యాదగా తప్పుకున్నాను. ఆ తరవాత మా బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో నాకు మిగిలిన అర్హతలు రెండే: నోరూ, ఆ నోటి మీద నాకున్న నమ్మకమూ. ఆ రెండే పెట్టుబడిగా ఒక మిట్టమధ్యాహ్నం మా గుమ్మంలో నిలబడి, మా చెల్లెలి నార్వే ప్రయాణాన్ని అప్పడం విరిచినట్టు ఎలా విరిచేశానో చెబుతాను. నవ్వితే నాకేం కోపం రాదు. మా క్వార్టర్ల లైన్లోవాళ్ళు ఇన్నేళ్ళుగా నవ్వుతూనే ఉన్నారు.

చెల్లెలంటే మా బాబాయి కూతురు పైడితల్లి. బాబాయి బిల్హాలో రైసుమిల్లు మేస్త్రీ. అక్కణ్ణుంచి లోకల్ బండెక్కి కాలేజీకి వస్తే, బండి వచ్చేసరికి పాఠం వెళ్ళిపోయేది. "ఆ గుంటని నా దగ్గరొదిలీ మరిదీ, నా కూతురైతే ఒదిలేద్దునేటి?" అంది మా అమ్మ. అంతే, పైడి మా ఇంటి మనిషైపోయింది.

ఇంటి మనిషే గానీ, క్వార్టర్ మనిషి కాదు. ఈ తేడా రైల్వేవాళ్ళకి చెప్పక్కర్లేదు, మిగతావాళ్ళకి చెబుతాను. మా నాన్న లోకో షెడ్డులో ఫిట్టరు. క్వార్టరు ఆయన పేరున ఉంది. అందులో ఆయనా, ఆయన పెళ్ళాంపిల్లలూ ఉండొచ్చు. తమ్ముడి కూతురు ఉండాలంటే క్వార్టర్లు చూసే ఎస్టేట్ ఆఫీసు అనుమతి కావాలి. పెరట్లో రేకుల గది వేసుకుంటానంటే అనుమతి అసలే రాదు. మాకు తమ్ముడి కూతురు ఉంది, రేకుల గదీ ఉంది. అనుమతి మాత్రం లేదు.

మా లైనంతా అదే బాపతు. ఒకరింట్లో బావమరిది, ఇంకొకరింట్లో మేనత్తా, ఆవిడ మేకా. అందుకని ఒక ఏర్పాటుండేది. ఫైలు పట్టుకున్న మనిషి లైన్లో అడుగు పెట్టగానే మొదటి క్వార్టర్ అప్పలకొండ పిన్ని మంచి తెలుగులో కేక వేసేది: "పాలు పొంగిపోతన్నాయర్రా!" హిందీ ఆఫీసరుకి అది ఎవరి వంటింటి గొడవో. మాకు మాత్రం సైరను. లెక్కలో లేని జనమంతా వెనక గోడ దూకి అవతలి లైన్లోకి వెళ్ళిపోయేవారు. మేనత్తగారు కూడా దూకేది. మేకని ముందు అందించి, తరవాత తను.

ఆ ఏడు కాలేజీ మేడం ఒకావిడ పైడి చేత ఒక పథకానికి దరఖాస్తు పెట్టించింది. మన పిల్లలు నార్వే వెళ్ళి అక్కడి ఇళ్ళల్లో కొన్నాళ్ళుంటారు. అక్కడి పిల్లలు వచ్చి మన ఇళ్ళల్లో ఉంటారు. ఖర్చంతా ఆ పథకానిదే. అయితే ఆ ఖర్చు ఎవరి మీద పెట్టాలో తేల్చడానికి మా పెరటి దండెమంత పొడుగు రూల్సు. పైడి ఒక్కొక్కటే చదివి చెప్పేది, నేను భాష్యం చెప్పేవాణ్ణి.

"వయసు పదిహేనుకీ పంతొమ్మిదికీ మధ్యుండాలంట అన్నియ్యా."

"నేను పోయాను."

"చదువుకుంటా ఉండాలంట."

"మళ్ళీ పోయాను."

"ఇదివరకు విదేశం ఎల్లుండకూడదు."

"ఇది నాకుంది! రాసుకో!"

"సొంతంగా టికెట్టు కొనుక్కోగలిగే ఇంటి పిల్లలు పనికిరారు."

"ఇది మన వంశం మొత్తానికి ఉంది. తాతగారిక్కూడా రాసీ."

అసలు మెలిక చివర్నుంది. పోయే పిల్ల ఏ ఇంట్లో ఉంటుందో, ఆ ఇంటివాళ్ళే వచ్చే పిల్లని తమ ఇంట్లో పెట్టుకోవాలి. ఆ ఇల్లెలాటిదో చూడ్డానికి చెప్పాపెట్టకుండా వస్తారు. ఇంటివాళ్ళు అబద్ధం చెప్పినట్టు తేలితే పిల్ల అర్హత పోతుంది.

పైడి పరీక్ష పాసయింది. రాయపూర్లో మాటల పరీక్ష కూడా పాసయింది. ఇక మిగిలింది ఇల్లే. రోజూ సాయంత్రం గుమ్మంలో కూచుని నాతో చెప్పేది: "అక్కడ మంచు పడతాదంట అన్నియ్యా. చప్పుడుండదంట. బిల్హాలో ఆకాశంలోంచి ఊక తప్ప ఏటీ రాలడం చూళ్ళేదు నేను." అలా చెప్పినప్పుడు దాని చెయ్యి తెలీకుండానే చాచి ఉండేది, అరచెయ్యి పైకి. ఆ చెయ్యి చూశాక ఇంటి పరీక్ష బాధ్యత పూర్తిగా నేనే నెత్తికెత్తుకున్నాను. పాపం పైడి, అప్పుడే పరిగెత్తి పారిపోవలసింది.

అమ్మకి "వెల్కం" అనడం నేర్పించాను. ఎవరొచ్చినా, కూరగాయలబ్బాయొచ్చినా అనేసేది. నాన్న చేత లుంగీ మానిపించి ప్యాంటుతో పడక కుర్చీలో కూచోబెట్టాను. "ఏటిరా నూకరాజూ, ఇంట్లో కూడా డ్యూటీయేనేటి?" అని ఆయన గొణుక్కున్నాడు. ఇల్లు చూడ్డానికి వచ్చేది కోటు తొడుక్కున్న పెద్దమనిషనీ, అంబాసిడర్ కారులో దిగుతాడనీ నాకు నేనే ఖాయం చేసుకున్నాను. ఎవరు చెప్పారంటారా? చెప్పాను కదా, నా నోటి మీద నాకు నమ్మకమని.

ఇంతలో పక్క లైన్లో ఎస్టేట్ ఆఫీసు తనిఖీ జరిగింది. ఒక కుటుంబానికి నోటీసిచ్చారు. లైనంతా చెవులు రిక్కించుకుని ఉంది.

ఆ మధ్యాహ్నం లారీలు రాలేదని నేను పనిచేసే తిఫ్రా గోడౌన్ నుంచి పెందలాడే వచ్చేశాను. భోజనానికి కూచున్నామో లేదో, "పాలు పొంగిపోతన్నాయర్రా!"

పైడి ముద్ద చేత్తోనే లేచింది. నేను దాన్ని గోడెక్కించాను, దాని కంచం అవతలికి అందించాను. అమ్మ వంటింట్లోకి దూరింది. నాన్న షెడ్డులో ఉన్నాడు. నేను మూతి తుడుచుకుని, ఏమీ ఎరగని మొహం పెట్టుకుని గుమ్మంలోకి వచ్చాను.

రిక్షా దిగిందొకావిడ. నేత చీర, కళ్ళజోడు, చంకలో ఫైలు. ముందు క్వార్టర్ నంబరు చూసింది, తరవాత తలెత్తి వెనకనున్న రేకులు చూసింది. ఇంకేం కావాలి? ఒళ్ళంతా ఎస్టేట్ ఆఫీసే. ఆవిడ హిందీలో అడిగింది, నేను హిందీలోనే సర్వనాశనం చేశాను.

"ఇంట్లో ఎంతమంది ఉంటారు?"

"ముగ్గురం మేడం. అమ్మా, నాన్నా, నేనూ. నేను కూడా ఉన్నా లేనట్టే."

"వెనక ఆ గది?"

"గదా! బొగ్గులు పోసుకునే చోటండి."

"బొగ్గుల గది కిటికీకి పువ్వుల తెర కట్టుందే?"

"ఎండ తగిలితే బొగ్గు పాడవుతుందండి."

"అచ్ఛా. మరి తీగ మీద ఆ ఓణీలు?"

"మా అమ్మవండి. ఆవిడకి కాస్త సరదా ఎక్కువ."

వంటింట్లో గిన్నె ఒకటి దబ్బున పడింది. పడిందో, విసిరిందో ఇప్పటికీ తెలీదు.

ఆవిడ ఫైలు తెరిచింది. "పైడితల్లి అనే అమ్మాయి ఇక్కడుంటుందట?"

పేరుతో సహా చెప్పేశారంటే మా లైన్లో ఎవడో ద్రోహి ఉన్నాడన్నమాట! ఆ ద్రోహిని తరవాత చూసుకుందామనుకుని అప్పటికి నోరు తెరిచాను. "ఆ పేరు మా విజయనగరం అమ్మవారిది మేడం. ఈ ఇంట్లో పైడితల్లి ఉన్నమాట నిజమే, కానీ అదిగో, గోడ మీదుంది" అని పటం చూపించి దణ్ణం కూడా పెట్టాను.

ఆవిడ కూడా దణ్ణం పెట్టింది. అమ్మవారికి భయపడిందనుకుని నాకు బలమొచ్చింది.

"ఇంటికి చుట్టాలొస్తే ఉండనిస్తారా?"

"చుట్టాలా! గడప తొక్కనివ్వం. మా నాన్న షెడ్డులో ఇంజినుకన్నా వేడి మనిషండి. వర్షంలో తడిసొచ్చినా సరే, స్టేషన్లో పడుకోమంటాడు." (నిజానికి మా నాన్న తడిసొచ్చిన కుక్కక్కూడా గోనె పరిచే మనిషి.)

"ఆడపిల్లలైతే?"

"ఆడపిల్లలైతే మరీను!"

"పరాయి దేశం నుంచి ఒక ఆడపిల్ల వస్తే?"

"పరాయి దేశమా! ఈ దేశంవాళ్ళకే దిక్కులేదు మే..."

'డం' నోట్లోనే ఉండిపోయింది. ఎస్టేట్ ఆఫీసువాళ్ళకి పరాయి దేశం ఆడపిల్లతో పనేమిటి?

ఆవిడ కళ్ళజోడు తీసి తుడుచుకుంది. "అయితే నేను అనవసరంగా వచ్చినట్టున్నాను. నార్వే పంపే పిల్లల ఇళ్ళు చూడ్డానికి వచ్చాను" అని ఫైలు మూసింది. ఆ ఫైలు అట్ట మూసుకున్న చప్పుడు చిన్నదే. గూడ్సు బండి పెట్టెలు ఢీకొన్నప్పుడు కూడా నాకంత గట్టిగా వినపడలేదు.

"మేడం! ఆగండి! ఉంది, పైడితల్లుంది, అన్నీ ఉన్నాయి!" అని పెరట్లోకి పరిగెత్తాను. "పైడీ! రాయే! తొందరగా!"

గోడవతల నుంచి శాంతంగా జవాబొచ్చింది. "పాలు దిగిపోనాయా అన్నియ్యా?"

"పాలు కాదే, కొంప మునిగిపోయింది!"

ఎంగిలి చెయ్యి పైకెత్తి, కంచం చంకన పెట్టుకుని, పైడి గోడ మీదికెక్కింది. మేడం నా వెనకే పెరట్లోకి వచ్చింది. కాసేపు చూసింది.

"ఈవిడేనా నువ్వు చెప్పిన గోడ మీది అమ్మవారు?"

నేను కాళ్ళ మీద పడబోయాను. అమ్మ వంటింట్లోంచి వచ్చి, ఏడుస్తూ, నేను నేర్పిన మాట మరిచిపోకుండా "వెల్కం" అంది. అన్నీ చెప్పేశాను: తనిఖీ, పాల కేక, మేక. మేడం మొహం మారలేదు.

"ఇంటివాళ్ళు అబద్ధం చెబితే అర్హత పోతుందని రాసుంది. చదవలేదా?"

"చదివింది అది, భాష్యం చెప్పింది నేనండి. నా అర్హతలన్నీ తీసేయండి. దానిది మాత్రం వదిలేయండి."

"నీకేం అర్హతలున్నాయి తియ్యడానికి?" అంది పైడి నాతో తెలుగులో, గోడ దిగుతూ. తరవాత మేడం ఎదట నిలబడి హిందీలో చెప్పింది. "మా అన్న చెప్పిందంతా అబద్ధం మేడం. కానీ ఒద్దనుకున్నవాళ్ళనైతే ఎవరూ దాచరు, బండెక్కించి పంపేస్తారు. వీళ్ళు నన్ను ఉంచుకోవాలనే దాచారు. మీరు తెచ్చే పిల్లని కూడా ఇలాగే చూసుకుంటారు."

కొళాయి చుక్క చుక్కా పడుతోంది. నేను వెళ్ళి బిగించాను. పైడి మాటకి భాష్యం మాత్రం చెప్పలేదు. రాసుకోండి, అది అరుదు.

"ఏదీ, ఆ బొగ్గులు చూపించు" అంది మేడం.

ఆ గది నేను కట్టిందే. గోడౌన్లో పారేసిన పెట్టెల చెక్కలతో మంచమూ, బల్లా, పుస్తకాలకి చిన్న అరా. తెర అమ్మ పాత చీర. మేడం మంచం మీద కూచుని, అర మీద చెయ్యి వేసి చూసింది. చెక్క ఎక్కడా గీసుకోకుండా నేను ఇసుక కాగితంతో రుద్దిన సంగతి ఆవిడ వేళ్ళకి తెలిసే ఉంటుంది. "నువ్వే చేశావా?" అంది. అవునన్నాను. ఈసారి ఏమీ కలపలేదు.

అమ్మ బలవంతాన అన్నం పెట్టింది. వెళ్ళేముందు మేడం ఒక్కటే మాటంది. "ఈ అమ్మాయి ఇక్కడుంటోందని మీ ఆఫీసు నుంచి కాగితం తేవాలి. వచ్చే అమ్మాయికీ అంతే. దొంగచాటు ఇంటికి నేను ఎవరి పిల్లనీ పంపలేను. ఇవాళ నువ్వు చెప్పింది రాయను. మీ కాగితం వచ్చాక రాస్తాను."

అంటే నాన్న ఆఫీసుకి వెళ్ళి, స్వయంగా, మా గుట్టంతా విప్పాలి. ఆఫీసరు ముందు "యస్ సార్" తప్ప ఇంకోమాట ఎరగని మనిషి. సాయంత్రం షెడ్డు నుంచి వచ్చాక అన్నీ విన్నాడు. నేను చెంప సిద్ధం చేసుకుని నిలబడ్డాను. ఆయన నా వంక చూడనైనా లేదు. "పైడీ, నీకెల్లాలనుందా?" అన్నాడు.

అది తలూపింది.

మర్నాడు ఉతికిన చొక్కా వేసుకుని వెళ్ళాడు. తిరిగొచ్చి బూట్లు విప్పుతూ చెప్పాడు. "పిల్లుండొచ్చునన్నారు. ఆ దేశం పిల్లా ఉండొచ్చునంట. గది మాత్రం పీకీమన్నారు." రెండో బూటు విప్పుతూ, "నిజం చెప్తే ఇంత తొందరగా అయిపోతాదని తెలీదురా. ఇన్నాళ్ళూ ఆ గుంట చేత ఉత్తినే గోడ దూకించేం" అన్నాడు.

గది నేనే విప్పాను. ఒక్కొక్క మేకూ లాగుతుంటే నా పళ్ళు లాగుతున్నట్టుంది. పైడి కింద నిలబడి మేకులు ఏరుతూ, "ఒంకర్లు తిన్నగా కొట్టుకో అన్నియ్యా, పనికొస్తాయి" అనేది. ఆ చెక్కలతోనే లోపలి గదిలో రెండు మంచాలు చేశాను. నాన్నా నేనూ వరండాలోకి మారిపోయాం. చలికాలంలో వచ్చిన నార్వే పిల్ల ఆ రెండో మంచం మీద పడుకునేది. మేమంతా స్వెట్టర్లలో వణుకుతుంటే ఆ పిల్ల చేతుల్లేని గౌనుతో తిరిగేది. అమ్మకి ఆ పిల్ల భాష రాదు, ఆ పిల్లకి అమ్మ భాష రాదు. అయినా ఇద్దరూ పొయ్యి దగ్గర కూచుని గంటలకొద్దీ మాట్లాడుకునేవారు. వెళ్ళిపోయేటప్పుడు ఎవరి భాషలో వాళ్ళు ఏడ్చారు.

పైడి నార్వే వెళ్ళింది. మంచు చూసింది. తిరిగొచ్చి రైలు దిగగానే, సామాను కూడా దించకుండా, అరచెయ్యి చాచి చూపించింది. "ఇక్కడ పడింది అన్నియ్యా. చూసేలోపల కరిగిపోయింది." ఆ ఖాళీ చేతిని నేను ఏదో ఉన్నట్టే చూశాను. ప్లాట్‌ఫారం మీద జనం మమ్మల్ని తోసుకుంటూ పోతున్నారు.

అలాంటప్పుడు ఊరుకునే బుద్ధి నాకు దేవుడివ్వలేదు. దాని పెట్టె నెత్తికెత్తుకుని, పోర్టరుతో సహా అందరూ వినేటట్టు ప్రతిజ్ఞ చేశాను. "పైడితల్లీ! బిలాస్‌పూర్ జంక్షన్ సాక్షిగా, అప్ లైను సాక్షిగా, డౌన్ లైను సాక్షిగా చెప్తున్నాను. ఇక నా ప్రాణముండగా ఎవరొచ్చి తలుపు తట్టినా, పైడితల్లి ఉందా అనడిగితే, ఉంది, మా చెల్లెలే, లోపలికి రండి, అనే చెప్తాను. ఇంకో మాట చెప్తే నా నాలుక..."

"అలా ఒట్లెట్టీకు అన్నియ్యా" అంది పైడి, నా నోటికి చెయ్యి అడ్డుపెట్టి. "ముందు వొచ్చినోళ్ళెవరో కనుక్కో. పెళ్ళిచూపులోళ్ళయితే మటుకు నేను లేను."