జేబులో గడియారం

పెద్దవంగర దగ్గర నేను చదివిన చిన్న హైస్కూల్లో గంట ఉండేది కాదు. బడి పెట్టిన సారు గేటు దాటగానే చేతి గడియారం తీసి జేబులో వేసుకునేవారు. "ఈడ టైము పిల్లలది," అనేవారు.

పదో తరగతి పరీక్షకు కూడా మేం తీరిగ్గానే బయలుదేరాం. సెంటర్ గేటు మూసేస్తుంటే సారే అందరికంటే ముందు ఉరికారు. "జర ఆగన్నా, పిల్లల బతుకు!" అని వాచ్‌మన్‌ను బతిమాలి మమ్మల్ని లోపలికి తోశారు.

మొన్న నా బిడ్డను అదే బడిలో చేర్పించడానికి వెళ్లాను. దరఖాస్తులకు సాయంత్రం నాలుగే ఆఖరు. సారు చేతి గడియారం చూసుకున్నారు.

"నాలుగు దాటింది, బందైంది బిడ్డా."

"ఈడ టైము పిల్లలదంటుంటిరి గద సారూ!"

"గా మాట మీ పరీక్షనాడే ఒడిసింది."

ఫోన్ చూపించాను. నాలుగవడానికి ఇంకా పది నిమిషాలున్నాయి. ఆ పరీక్ష భయంతో నేను ముందుకు తిప్పి పెట్టుకున్న మా ఇంటి గోడ గడియారంలాగే, సారుదీ పావుగంట ముందు నడుస్తోంది.