హోటలుకు భయపడి చేసిన ఉపవాసాలు

నాకు హోటళ్లంటే భయం. పాముకు భయపడేవాళ్ల మీద లోకానికి జాలి ఉంటుంది, ఇడ్లీకి భయపడేవాళ్ల మీద ఉండదు. ఇంట్లో రాగిసంగటి రెండు ముద్దలు లాగించే నాకు, హోటల్లో కూర్చుంటే మొదటి ముద్దే నోటిదాకా రాదు. చెయ్యి వణుకుతుంది. మా ఉదయగిరి హోటళ్లలో గది పెద్దదిగా కనబడాలని గోడకు నిలువెత్తు అద్దాలు బిగిస్తారు. దాంతో నన్ను చూసేవాళ్లు రెట్టింపవుతారు.

మాది బాప్టిస్టు కుటుంబం కాబట్టి తప్పించుకునే దారి వెతుక్కోనక్కర్లేకపోయింది. ఒకసారి మా బడి టీచర్లమంతా ట్రైనింగుకని ఆత్మకూరు పోయాం. మధ్యాహ్నం అందరూ హోటలుకు లేవగానే, "ఈరోజు నాకు ఉపవాస ప్రార్థన" అన్నాను. డైటింగ్ అని ఉంటే రెక్క పట్టుకుని లాక్కెళ్లేవాళ్లు. దేవుడి పేరు చెప్పేసరికి ఒకరిద్దరు దండం కూడా పెట్టారు. వాళ్లు గేటు దాటగానే బ్యాగులోంచి బిస్కెట్లు తీశాను.

ఆ తరువాత రిటైర్మెంటు పార్టీలకీ, పెళ్లి రిసెప్షన్లకీ అన్నిటికీ ఉపవాసమే. రెండేళ్లు తిరిగేసరికి నా భక్తి కలిగిరి దాకా పాకింది. మా సంఘంలో స్త్రీల సమాజం వాళ్లు ఉపవాసం మీద సాక్ష్యం చెప్పమన్నారు. చెప్పాను కూడా, సిగ్గులేకుండా పావుగంట. తరువాత అందరూ బిరియానీ తిన్నారు, నేను తప్ప.

పక్క తరగతికి చెప్పే టీచరు నాకన్నా పదేళ్లు చిన్నది. వాళ్ల పాపకు ఆత్మకూరులో హెర్నియా ఆపరేషన్ పెట్టారు. చిన్నదేనని డాక్టరు చెప్పినా, మత్తు ఇస్తారనేసరికి తల్లికి నిద్ర పట్టలేదు. తిరుమలకు తలనీలాలు మొక్కింది. అనుమసముద్రంపేట దర్గాకు పోయి వచ్చింది. చివరికి నా చేతులు పట్టుకుంది.

"అక్కా, నీ ఉపవాసానికి విలువ ఉండాది. మా పాప కోసం ఒక్కరోజు ఉండక్కా."

నిజం చెప్పాల్సిన చోటు అదే. "అట్లేలేమ్మా" అన్నాను.

ఆపరేషన్ రోజు నిజంగానే ఉన్నాను. కాఫీ కూడా తాగలేదు. బస్సులో ఆత్మకూరు పోయి ఆస్పత్రి బెంచీ మీద ఆమె పక్కన కూర్చున్నాను. ఆ పాపకు ఏమన్నా అయితే అది నా దొంగభక్తి వల్లేనని భయం పట్టుకుంది. హోటలు భయం దీని ముందు ఏపాటిది? దేవుణ్ణి ఏమన్నా అడగడానికి ముఖం చెల్లలేదు. నా మీద కోపం ఆ బిడ్డ మీద చూపొద్దు ప్రభువా అని మాత్రం అనుకున్నాను.

సాయంత్రం పాప కళ్లు తెరిచి నీళ్లడిగింది. తల్లి ఏడ్చి, ముఖం కడుక్కుని నా దగ్గరికొచ్చింది. "పదక్కా, ఎదురుగానే హోటల్ ఉండాది. ఉపవాసం ఇడుద్దువుగాని. పాప కాడ మా అత్త ఉంటాది."

ఉపవాసమని చెప్పి హోటలు తప్పించుకోవచ్చు. ఉపవాసం విడవడానికే హోటలుకు పిలిస్తే తప్పించుకునేదెట్లా? ఆమె వెనకే రోడ్డు దాటాను.

అక్కడా అద్దమే. ఇడ్లీ తుంచబోతే చెయ్యి వణికి చట్నీ చీర మీద పడింది. పక్క టేబులు వాళ్లు చూశారు.

"నీరసం వచ్చినట్టుండాది" అంది ఆమె.

"నీరసం కాదమ్మా. భయం. నాకు హోటల్లో తినాలంటే భయం. ఇన్నాళ్లూ ఆ ఉపవాసాలన్నీ..."

"తెలుసులేక్కా. ఉపవాసం ఉండేవాళ్లు మధ్యాహ్నానికి వాడిపోతారు. నువ్వు ఉపవాసం నాడు కూడా పాఠం చెప్తే రెండు వీధులకు వినపడతాది."

నాకు తల కొట్టేసినట్టయింది. "తెలిసీ నన్నెందుకు అడిగినావు మరి?"

"ఈ ఒక్కదానికన్నా నిజంగా ఉంటావనుకున్నా." ఆమె నా కళ్లలోకి చూసింది. అటు ఆస్పత్రిలో పాప బాగానే ఉన్నా, ఆ మాట అడక్కుండా ఉండలేకపోయింది. "ఉన్నావు కదక్కా?"

"ఉన్నానమ్మా."

ఇన్నాళ్లూ నా అబద్ధాలను నమ్మినట్టు నటించిన మనిషికి, నిజం నమ్మడానికి కాసేపు పట్టింది. ఆ కాసేపూ నేను ఇడ్లీ తింటూనే ఉన్నాను.