బెల్లు మీద రవి లేడు

పోయిన నెల నా భార్య శ్రావణికి మా మెట్ల మీద కళ్లు తిరిగాయి. ఏడో నెల కడుపు. అరగంట అలాగే కూర్చుందట, ఆ దారిన ఒక్కరూ రాలేదు. ఆఫీసు నుంచి వచ్చాకే నాకు ఆ మాట తెలిసింది. రెండేళ్లుగా ఉంటున్న ఆ చిన్న ఊరు వదిలి జర్మనీలోని స్టుట్‌గార్ట్ నగరం నడిబొడ్డుకు మారాలనుకున్నాం.

శనివారం 9:12కి ఎస్-బాన్ లోకల్ రైలెక్కాం.

"నడిమధ్యల ఇల్లంటే కోఠిల సంసారం పెట్టినట్టే ఉంటది," అంది శ్రావణి.

మేం చూడబోయే ఇంట్లో నాతో క్రికెట్ ఆడే రవి అద్దెకుంటున్నాడు. అతను ఖాళీ చేస్తున్నాడు, కానీ ఆ రోజు డ్యూటీలో ఉన్నాడు. ఓనరు పదింటి నుంచి పది నిమిషాలే ఇల్లు చూపిస్తానన్నాడు. మేం 9:55కే తలుపు ముందున్నాం. కింద బేకరీ, పక్కన మందుల షాపు, ఎదురుగా పిల్లల డాక్టరు.

ఇక్కడ ఫ్లాట్లకు నంబర్లుండవు. బెల్లుల పక్కన ఇంటిపేర్లే రాస్తారు. పద్నాలుగు బెల్లుల్లో మనవాళ్లవే నాలుగు. రవిది ఏది? ఫోన్ చేస్తే ఎత్తడు. ఒక బెల్లు నొక్కితే ఎవరూ పలకలేదు. ఇంకోటి నొక్కితే ఎవరో నిద్రలోంచి లేచి విసుక్కున్నారు.

"ఐదేండ్ల సంది కలిసి ఆడుతున్నరు, ఇంటిపేరు తెల్వదా?"

"ఎన్నడు అవసరం పడలే."

10:06కి మొదటి అంతస్తు కిటికీ తెరుచుకుంది. ఒక ముసలావిడ ఎవరు కావాలని జర్మన్‌లో అడిగింది. చెప్పాను.

"వాళ్లమ్మకు మోకాలి ఆపరేషన్ అయిందే, ఆ రవేనా? మూడో అంతస్తు," అంటూ లోపలికెళ్లి కింది తలుపు తెరిచే మీట నొక్కింది.

ఆ ఆపరేషన్ సంగతి నాకే తెలియదు.

శ్రావణిని మెల్లగా మెట్లెక్కించుకుని వెళ్లేసరికి 10:12. ఓనరు సంచి సర్దుకుంటున్నాడు. ఆలస్యమైంది, వేరేవాళ్లున్నారు అన్నాడు. ఇంతలో ముసలావిడ ఆయాసపడుతూ పైకి వచ్చింది.

"వీళ్లు పదికి ముందే వచ్చారు. నేను కిటికీలోంచి చూశాను. ఆ అమ్మాయికి ముందు కుర్చీ వెయ్యండి," అని ఆయన్ను కసిరింది.

ఆయన సంచి కింద పెట్టి ఇల్లంతా చూపించాడు.

స్టేషన్లో చెరో బ్రెట్సెల్ ఉప్పురొట్టె తిని 11:40 రైలెక్కాం. రెండు స్టేషన్లు దాటాక ఓనరు ఫోన్ చేసి, ఇల్లు మీకే అన్నాడు. శ్రావణి కళ్లు తుడుచుకుంది.

ఇల్లు వెతికేవాళ్లకు నా మాట ఒకటే. షాపులు, స్టేషను ఎంత దూరమో చూసుకోండి. కిటికీ తెరిచి పలకరించే మనిషి ఉందో లేదో కూడా చూసుకోండి.

"మనం పోతున్నమని మన బిల్డింగుల ఎవరికి చెప్పాలె?" అంది శ్రావణి.

ఇద్దరం ఆలోచించాం. మా స్టేషను వచ్చేదాకా ఒక్క పేరూ తట్టలేదు.