‘నాను’ అన్నందుకు

మంగళవారం పొద్దున మా అప్ప పోయింది. బుధవారం భూస్థాపన చేశాం. ఊపిరితిత్తుల జబ్బని డాక్టరు రాశాడు. అది నిజమే. కానీ ఆమె పాట అంతకు ఆరేళ్ళ ముందే ఆగిపోయింది. ఆపినవాడు ఆమె పాడిన ఆర్కెస్ట్రా యజమాని. మలేషియాలో, నిండు సభలో, ఆమె మాట్లాడుతుండగా మైకు ఆపేశాడు. అది తప్పని ఈ ఊళ్ళో ఒక్కరూ అనలేదు. నేను అంటున్నాను.

అప్ప అని పిలిచానే గాని ఆమె నా తోడబుట్టింది కాదు. కంచరపాలెంలో వాళ్ళ గోడా మా గోడా ఒకటే. తెల్లారకముందే ఫిషింగ్ హార్బర్ దగ్గరి రొయ్యల కంపెనీకి వెళ్ళి, ఐసులో చేతులు పెట్టి రొయ్యలు ఒలిచేది. మధ్యాహ్నం ఇంటికొచ్చి, వేళ్ళు వేడినీళ్ళలో ముంచుకుని, అప్పుడు గిటారు పట్టుకునేది. ఆదివారం చర్చిలో కీర్తనలు, సాయంత్రాలు రైల్వే వాళ్ళ ఫంక్షన్లలో పాప్ పాటలు. రెంటికీ అదే తెల్ల చీర. ఇంటి వెనక గూడ్సు బండి పోతుంటే పాట మధ్యలో ఆగి, ఆఖరి వ్యాగను దాటాక అదే శ్రుతిలో అందుకునేది. “దాని పాట అది పాడుకోనీరా, మనకేటి తొందర” అనేది.

నాకు తొందర ఎక్కువ. చేతికందిన కరపత్రమల్లా చదివి, కార్మికురాలివై ఉండి ఈ డాన్సు పాటలేమిటని ఆమెతో దెబ్బలాడేవాణ్ణి. ఆమె ఓపిగ్గా విని, నా కరపత్రంలో ఒక పేరా పైకి చదివి, అర్థమైందా అని వాళ్ళమ్మను అడిగేది. ఆవిడ తల అడ్డంగా ఊపేది. “సూసినావా? నీకన్నా నా డాన్సు పాటే నయంరా” అని నవ్వేది.

మలేషియా వెళ్ళిన యేడు మొదటిసారి ఆర్కెస్ట్రా పోస్టరు మీద అందరికన్నా పైన ఆమె పేరు పడింది. మద్రాసు నుంచి ఓడలో ప్రయాణం, మలేషియాలో ఏడు ఊళ్ళు. వేదిక మీద ‘నాను’, ‘ఏటి’ లాంటి మా యాస మాటలు వినపడకూడదని యజమాని షరతు పెట్టాడు. నాలుగు మాటలు రాసిపెట్టమని అప్ప నన్ను అడిగింది. “ప్రియమైన కళాభిమానులారా” అని మొదలుపెట్టి రాశాను. పది రోజులు ఎదురుగా కూర్చోబెట్టి ‘నేను’ అని పలికించాను. నోరు తిరగనప్పుడల్లా విసుక్కున్నాను కూడా. ఇది దాచి ఆ యజమాని మీద మాత్రమే రాస్తే నేను అబద్ధాలకోరును.

మొదటి నాలుగు ఊళ్ళలో ఆ కాగితంలోదే అప్పజెప్పింది. మర్యాదగా చప్పట్లు కొట్టారట. ఐదోది రబ్బరు తోటల మధ్య ఊరు. తాతల కాలంలో మన జిల్లాల నుంచి కూలికి వెళ్ళినవాళ్ళ సంతానమే సభంతా. రెండో పాట అయ్యాక ముందు వరసలోంచి ఒక ముసలావిడ లేచి, “నీదేవూరమ్మా?” అని అడిగింది. అప్ప కాగితం మరిచిపోయింది.

“నాను కంచరపాలెం పిల్లనమ్మా. మీదేటి?”

సబ్బవరం అంది ఆవిడ. సబ్బవరం ఆవిడ ఎన్నడూ చూడలేదు, నాయనమ్మ నోట విన్న పేరు. ఇక ఒక్కొక్కరే లేచి, బళ్ళో హాజరు పలికినట్టు, ఊళ్ళ పేర్లు చెప్పడం మొదలుపెట్టారట. ఈ ఊరికి ఇప్పుడు బస్సు పడిందని, ఆ ఊళ్ళో బడి కట్టారని అప్ప తెలిసినంత చెబుతోంది. అంతలో మైకు ఆగిపోయింది. సభను చేపల బజారు చేశావని యజమాని తెర వెనక కేకలేశాడు. మిగతా రెండు ఊళ్ళలోనూ ఆమెను కోరస్‌లో నిలబెట్టాడు.

ఇదంతా తిరిగొచ్చాక ఒక్కసారే చెప్పింది, బట్టలు ఆరేస్తూ. “ఆళ్ళింకా ఊళ్ళ పేర్లు సెప్తన్నార్రా. నాకు ఇనిపిస్తంది. నా మాటే ఆళ్ళకి సేరలేదు” అంది. తర్వాత పాడలేదు. చర్చిలో కూడా పాటల పుస్తకం తెరిచి, పెదవులు మూసుకుని కూర్చునేది. నా వంతు తప్పుకి ఆమెను క్షమాపణ అడగడానికి నాకు ఆరేళ్ళు దొరికాయి. అడగలేదు.

ఇప్పుడు ఆ యజమానే ఆదివారం టౌనులో పెద్ద హాల్లో సంతాప సభ పెట్టాడు. అనారోగ్యం వల్ల ఆమె తనంతట తానే విరమించుకుందని కార్డులో అచ్చు వేయించాడు. కారు పంపుతాను, రమ్మని వాళ్ళమ్మకు కబురు పెట్టాడు. ఆవిడ ఆ కార్డు నాచేత చదివించుకుని ఒక్కటే అడిగింది: “అక్కడ నన్ను మన బాసలో ఏడవనిత్తార్రా?”

అందుకే ఇది రాస్తున్నాను. ఆదివారం సాయంత్రం నాలుగు గంటలకు, అక్కడ వాళ్ళ సభ మొదలయ్యే వేళకే, కంచరపాలెం చర్చి ముందు ఖాళీ జాగాలో కలుద్దాం. హార్బరు వాళ్ళు పని బట్టలతోనే రండి. దగ్గరదగ్గరగా కూర్చుందాం. ముందు వాళ్ళమ్మ మాట్లాడుతుంది. ఆవిడ మోకాళ్ళు వంగవు కనుక ఒక్క కుర్చీ వేస్తాం. మిగతా అందరం నేల మీదే.