పటేల్ కాక తలుపుకు నా కొక్కెం

ఆ రోజుల్లో నాకొక గట్టి నమ్మకం ఉండేది. లోకంలో ఏది ఊడిపోయినా దానికి బిగించిన స్క్రూ పొట్టిది కావడమే కారణమని. పెళ్లయి ఏడాది కూడా కాలేదు. మా ఆయనకు జహీరాబాద్‌లో ఫ్యాక్టరీ ఉద్యోగం, మారుతూ ఉండే షిఫ్టులు. కొత్తగా కట్టిన ఇంట్లో కింది వాటా అద్దెకు తీసుకున్నాం. పుట్టింటి నుంచి తెచ్చుకున్న కుట్టుమిషన్ ముందు గదిలో వేసి, ‘లేడీస్ టైలర్’ అని అట్టముక్క మీద రాసి కిటికీకి కట్టాను. (నా చేతిరాత చూసి మొట్టమొదట లోపలికి వచ్చినావిడ, గొడుగులు బాగు చేస్తారా అని అడిగింది.) చీరలకు ఫాల్స్ కుట్టడం, పిల్లల గౌన్లకు గుండీలు వేయడం, అంతే నా వ్యాపారం.

ఇంటాయనను వీధంతా పటేల్ కాక అనేవాళ్లు. మొగుడంపల్లి దగ్గర ఏళ్ల తరబడి చెరుకు పండించి, ఆ కష్టంతో టౌన్‌లో ఇల్లు కట్టుకున్న మనిషి. ఆ ఇంటి మీద ఆయనకున్న ప్రేమ చూస్తే ముచ్చటేసేది. మేం దిగిన రోజే అన్ని గదులూ తిప్పి చూపించి, “బిడ్డా, గోడలకు మాత్రం మొలలు కొట్టకున్రి. పెయింటు ఖరాబైతది. బట్టలు గిట్ల తలిగేసుకునుడుంటే దర్వాజలకు కొట్టుకోన్రి. నా దర్వాజలు మామూలువి గావు, హైదరాబాద్ పోయి నేనే ఏరి తెచ్చిన. ఏనుగును కట్టేసినా కదలయ్” అన్నాడు. అని, పక్కనున్న పడకగది తలుపు మీద ఎద్దు వీపు చరిచినట్టు ఒక్క చరుపు చరిచాడు. అప్పుడు వచ్చిన చప్పుడు డప్పు చప్పుడులా ఉందని నాకు తోచనే లేదు.

అలా ఉండగా న్యాల్‌కల్ వైపు నుంచి ఒక పెళ్లిపిల్ల తల్లి వచ్చింది. ఎవరి ద్వారా విన్నదో ఏమో, రిసెప్షన్ ఘాగ్రా నా చేతిలో పెట్టింది. మెరూన్ రంగు, నిండా రాళ్లూ పూసలూ, ఎత్తుకుంటే చంటిపిల్లను ఎత్తుకున్నంత బరువు. నడుము సరిచేయాలి, లోపల అస్తరు వేయాలి. “మా ఇంట్ల ఇంకా ఇద్దరాడపిల్లలున్నరమ్మా. ఇది మంచిగ కుడితే మా వూరు వూరంత నీ దగ్గరికే వస్తది” అంది. ఆ మాట విన్నాక నాకు అన్నం సయించలేదు. ఇది కుదిరితే నేను టైలర్ని, కుదరకపోతే జీవితాంతం ఫాల్స్.

కుట్టడం బాగానే కుట్టాను. అంచు సమంగా ఉందో లేదో చూడాలంటే వేలాడదీయాలి. పడకగది తలుపుకు, సరిగ్గా నడి మధ్యలో, ఇత్తడి కొక్కెం ఒకటి బిగించాను. స్క్రూ చాలా సులువుగా దిగింది. (నా చేతిబలానికి నేనే మురిసిపోయాను.) ఘాగ్రా తగిలించి, రెండడుగులు వెనక్కి వేసి, చేతులు కట్టుకుని చూసుకుంటున్నాను. పటుక్కున చప్పుడు. కొక్కెం, ఘాగ్రా, తలుపు మీది చెక్క పెచ్చు మూడూ కలిసి నేల మీద పడ్డాయి. పక్కనే ఇల్లు తుడిచే నీళ్ల బకెట్. దానికి జానెడు దూరంలో అంచు ఆగింది. నా గుండె మాత్రం బకెట్లోనే పడింది.

నా సిద్ధాంతం ప్రకారం ఇంకా పొడుగు స్క్రూ తెచ్చి పక్కన బిగించాను. అది కూడా సులువుగానే దిగింది. ఎంత సులువుగానంటే, షిఫ్టు నుంచి వచ్చి పడకగదిలో చొక్కా మార్చుకోబోయిన మా ఆయన “అమ్మో!” అన్నాడు. స్క్రూ మొన అవతలివైపు పొడుచుకొచ్చి యూనిఫాం భుజాన్ని పట్టుకుంది. “నేను ఇంట్లకొచ్చిన్నా, ముళ్లకంపల పడ్డనా?” అన్నాడు పాపం. స్క్రూ తీశాను. రెండో బెజ్జం మిగిలింది. ఆ మీదట అంటించే కొక్కెం తెచ్చి పెడితే అది పూసల బరువుకు ఊడొస్తూ తలుపు రంగు కూడా గుండ్రంగా ఒలుచుకొచ్చింది. ఆ మచ్చల మీద ఒక క్యాలెండర్ వేలాడదీసి, ఇక పటేల్ కాక మొహం ఎలా చూడాలా అని దిగులు పడ్డాను.

మరునాడు మధ్యాహ్నమే పెళ్లివాళ్లు వస్తారు. ఆ రోజు పొద్దున మా ఆయన రాత్రి డ్యూటీ చేసొచ్చి గదిలో తలుపు వేసుకుని పడుకున్నాడు. నేను స్టూలు వేసుకుని, తలుపుకు చెవి ఆనించి, వేలి కణుపుతో మెల్లగా కొట్టి వింటున్నాను. తలుపు చెక్క లోపల ఏముందో తెలిస్తే గానీ పని జరగదని అప్పటికి తెలిసొచ్చింది. సరిగ్గా అప్పుడే పటేల్ కాక భార్య మెట్లు దిగి వచ్చింది. బీదర్ ఆడపడుచు, అందుకని మేమంతా బీదర్ అక్క అనేవాళ్లం. నన్ను ఆ భంగిమలో చూసి గుమ్మంలోనే ఆగిపోయింది.

“ఏందే పిల్లా, మొగడు లోపల ఎవలతోని ఫోన్ మాట్లాడుతున్నడో ఇంటున్నవా?” అంది గుసగుసగా, ఎంతో జాలిగా. అని ఊరుకోక, తను కూడా వచ్చి తలుపుకు చెవి పెట్టింది. లోపలి నుంచి మా ఆయన గురక.

నవ్వు ఆపుకుంటూ స్టూలు దిగి, క్యాలెండర్ ఎత్తి చూపించాను. తిడుతుందనుకున్నాను. ఆవిడ “అయ్యో దేవ్రే!” అని నోటికి కొంగు అడ్డం పెట్టుకుని స్టూలు మీద కూలబడి నవ్వింది. “మా మీద వాటాల ఎన్ని క్యాలెండర్లున్నయో సూశినవా? దేవుని అర్రకొకటి, పడక అర్రకు రెండు. ప్రతి దర్వాజకు నేను ఓ బొంద పెట్టిన. లోపల అట్టలే ఉన్నయే తల్లీ.”

“కాకకు తెల్వదా అక్కా?”

“ఎట్ల చెప్పాలె? ఊరోళ్లందరిని పిలిచి దర్వాజలు కొట్టి కొట్టి చూపిచ్చిండు. చెప్తే దిల్ పల్గుతది ఆయనది.”

ఇద్దరం కలిసి తలుపంతా తట్టాం. మధ్యలో ఎక్కడ కొట్టినా బోలు చప్పుడు. అంచుల వెంట మాత్రం నాలుగు వేళ్ల వెడల్పున ‘ఠక్’మని గట్టి కర్ర పలికింది. పైనా కిందా అంతే. “గంతే పిల్లా, నడుమ అట్ట, సుట్టూ కట్టె” అని అక్క పైకి వెళ్లి పాత మంచం కర్ర పట్టీ ఒకటి తెచ్చింది. దాన్ని తలుపు వెడల్పుకు కోసి, ముందు సన్న మొలతో దారి చేసి, ఈ అంచు కర్రకు రెండు స్క్రూలు, ఆ అంచు కర్రకు రెండు స్క్రూలు బిగించాం. కొక్కేలు ఆ పట్టీకి వేశాం. నా బెజ్జాలూ మచ్చలూ దాని వెనకాలే దాక్కున్నాయి. నాకింకా భయం తీరలేదు. అక్క జొన్నల సంచి ఒకటి మోసుకొచ్చి కొక్కేనికి తగిలించింది. పట్టీ చలించలేదు. ఈ చప్పుళ్లకు మా ఆయన లేచి లోపల్నుంచి తలుపు లాగి, సంచితో సహా ఊగుతున్న తలుపును, స్టూలు మీద నన్ను, కింద అక్కను నిద్రకళ్లతో చూసి, ఏమీ అడగకుండా మళ్లీ మూసేసుకున్నాడు.

పెళ్లివాళ్లు వచ్చేసరికి ఘాగ్రా తలుపు నిండా పరుచుకుని, కిటికీ వెలుగులో మెరుస్తోంది. పెళ్లిపిల్ల దాన్ని చూసి చెప్పులు విప్పడం కూడా మరిచి లోపలికి వచ్చేసింది. తల్లి అంచంతా వేళ్లతో తడిమి, “మా చిన్నపిల్లల కొలతలు గూడ తీస్కో అమ్మా” అంది. అదే సమయానికి పటేల్ కాక వచ్చాడు. పట్టీని చూశాడు, ఘాగ్రాను చూశాడు. అక్క వచ్చి నా పక్కన నిలబడింది. ఆయన దగ్గరికి వెళ్లి, చేయెత్తి తలుపు మీద కాకుండా ఆ పట్టీ మీదే గట్టిగా చరిచాడు. నిఖార్సయిన కర్ర చప్పుడు.

“చూసిన్రా?” అన్నాడు పెళ్లివాళ్ల వైపు తిరిగి. “దర్వాజ గట్టిది గన్కనే గింత బరువు ఆగింది.”

“అవు మరి, ఏరి తెచ్చింది ఎవలు?” అంది బీదర్ అక్క, మొహంలో రేఖ కూడా కదలకుండా.

ఇప్పుడు నాకు సొంత షాపు ఉంది. ఏ పనికైనా ఫోన్ చేస్తే మనిషి డ్రిల్ మిషన్ పట్టుకుని వస్తాడు. గది గోడలకైనా తలుపులకైనా చిటికెలో కొక్కేలు బిగించి వెళ్లిపోతాడు, చక్కగా, గట్టిగా. నవ్వుకోవడానికి ఏమీ మిగల్చడు. అప్పుడప్పుడు, బేరాలు లేని మధ్యాహ్నాల్లో, ఏమీ తెలియకుండానే అంత ధైర్యంగా స్క్రూడ్రైవర్ నడుముకు దోపుకుని స్టూలెక్కిన ఆ ఇరవై రెండేళ్ల పిల్ల గుర్తొస్తుంది. ఆమె మీద నాకు కాస్త అసూయ. దాన్ని మించి, చెప్పలేనంత ముద్దు.